ఊళ్లో వాళ్లకు చెప్పకండి!

పరదేశంలో మనవాళ్లు మంచాన పడితే తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో నిద్ర పట్టని ఇళ్ల కథ

మార్చి సగం దాటిందంటే తెనాలిలో పెద్ద సూట్‌కేసులకు గిరాకీ మొదలవుతుంది. ఎండలు ముదరకముందే అమెరికా వెళ్లి, అక్కడ చలి రాకముందే తిరిగొచ్చే అమ్మానాన్నలు ఈ ప్రాంతంలో వీధికి ఒకరిద్దరైనా ఉంటారు. కొక్కెం తూకం పక్కింటి నుంచి అరువొస్తుంది. గోంగూర పచ్చడి, కందిపొడి, మనవడికి అరిసెలు, కోడలికి చీర... పెట్టె 23 కిలోలు దాటకుండా తీసి పెట్టి, పెట్టి తీసి సర్దుతారు. ఆరు నెలలకు సరిపడా బీపీ, షుగరు బిళ్లలు కూడా ఓ సంచిలో కట్టుకుంటారు. ఆ బిళ్లలు ఎందుకు వేసుకుంటున్నారో చెప్పే డాక్టరు చీటీ మాత్రం చాలామందికి బీరువాలోనే ఉండిపోతుంది.

ఆ తర్వాత ఏ మే నెలలోనో, జూలైలోనో ఒక కబురు వస్తుంది. అది నేరుగా రాదు. డల్లాస్‌లో అమ్మను ఆసుపత్రిలో చేర్చారన్న సంగతి ముందు బెంగళూరులో ఉన్న చిన్నకొడుక్కి తెలుస్తుంది. అతను హైదరాబాదులో ఉన్న బావకు చెబుతాడు. బావ బాపట్లలో ఉన్న తన తల్లికి చెప్పకుండా ఉండలేడు. ఫోను పెట్టేసేముందు ప్రతివాళ్లూ ఒకే మాట అంటారు: ‘‘ఊళ్లో వాళ్లకు చెప్పకండి, కంగారు పడతారు.’’ సాయంత్రానికి ఊళ్లో తెలియనివాళ్లుండరు. కాకపోతే తెలిసింది సగమే. కంటి మీద కునుకు లేకుండా చేసేది ఆ సగమే.

దూరదేశంలో మనవాళ్లకు జబ్బు చేస్తే ఇక్కడ పడే ఆదుర్దాలో ఎక్కువ భాగం దూరం తెచ్చింది కాదు, దాపరికం తెచ్చింది అని నాకు గట్టిగా అనిపిస్తుంది. అదీ ఎవరో పరాయివాళ్లు చేసే దాపరికం కాదు. ఛాతీలో బరువుగా ఉంటే తల్లి కొడుక్కి చెప్పదు, పాపం ఆఫీసు మానేస్తాడని. ఆసుపత్రిలో చేర్చిన సంగతి కొడుకు తండ్రికి చెప్పడు, ఒంటరిగా ఉన్నాడని. పాత స్టెంటు సంగతి ఇద్దరూ కలిసి బీమా ఫారంలో రాయరు, ప్రీమియం పెరుగుతుందని. అందరూ ప్రేమ కొద్దీ దాచేవాళ్లే.

మా మేనత్తది రేపల్లె. కూతురి పురుడికి టెక్సాస్ వెళ్లింది. మావయ్య పొలం వదల్లేక ఉండిపోయారు. అక్కడ అత్తయ్యకు రెండు రోజులు గుండెల్లో మంటగా ఉంటే గ్యాస్ అనుకుని మజ్జిగ తాగి పడుకుంది. మూడో రోజు రాత్రి చెమటలు పడితే అంబులెన్స్ పిలిచారు. మావయ్యకు మాత్రం ‘‘అమ్మ గుడికెళ్లింది, ఫోను ఇంట్లో మర్చిపోయింది’’ అని చెప్పారు. మర్నాడూ గుడే. ఆ మర్నాడూ గుడే. ఆయన నాకు ఫోను చేశారు.

‘‘ఏరా, మీ అత్తయ్యకి ఏమైందిరా?’’

‘‘ఏం లేదు మావయ్యా, కాస్త నలతగా ఉందంట.’’

‘‘నలతైతే మూడు రోజుల్నుంచీ గుళ్లోనే ఉంటదా?’’

ఇక దాచడం కుదర్లేదు. స్టెంటు వేశారనీ, ఐసీయూలోంచి వార్డుకు తెచ్చారనీ, ఉదయం ఇడ్లీ అడిగిందనీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. అంతవరకూ పొలానికి కూడా పోకుండా, ఫోను ఛార్జింగులో పెట్టి దాని పక్కనే కూర్చున్న మనిషి, నిజం విన్నాక చేసిన మొదటి పని అన్నం తినడం. గుండె జబ్బని తెలిస్తే తట్టుకోలేడని అందరం అనుకున్నాం. ఆయన తట్టుకోలేకపోయింది గుడి కథనే.

గడియారం కూడా పగబట్టినట్టే ఉంటుంది. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు రిపోర్టు చేతికొస్తే రేపల్లెలో రాత్రి పదకొండున్నర. నవంబరులో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుకుంటే ఇంకో గంట కలుస్తుంది. కాలిఫోర్నియా అయితే తేడా పన్నెండు గంటలు దాటుతుంది. పరీక్షలు, ఆపరేషన్లు, డాక్టర్లతో మాటలు అన్నీ అక్కడ పట్టపగలు జరిగేవి, మనకు అర్ధరాత్రి వార్తలవుతాయి. దానికి తోడు ప్రయాణంలోనే ఒక గండం ఉంది. దుబాయ్‌లో విమానం మారేటప్పుడు వాట్సాప్ కాల్ కలవదు. అక్కడి నిబంధనలు ఇంటర్నెట్ కాల్స్‌ను అలా కట్టడి చేశాయి. మెసేజ్ మాత్రం వెళ్తుంది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి వెళ్తే, శంషాబాదులో వీల్‌చెయిర్ మీద సాగనంపిన తల్లి ఫోను ఎత్తడం లేదని బాపట్లలో ఎవరూ దేవుళ్లకు మొక్కుకోనక్కర్లేదు.

ఉత్తరాల కాలంలో ఈ బాధ వేరు. నిడుబ్రోలు నుంచి వెళ్లిన ఆచార్య రంగా 1920లలో ఆక్స్‌ఫర్డులో చదివే రోజుల్లో ఉత్తరం ఓడలో వారాలు ప్రయాణించేది. జబ్బు కబురు చేరేసరికి మనిషి కోలుకోవడమో, కాలం చేయడమో ఎప్పుడో జరిగిపోయి ఉండేది. తొందర కబురైతే టెలిగ్రాం వచ్చేది. పోస్టుమాన్ తంతి పట్టుకొస్తే చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. 2013 జూలైలో ఆ టెలిగ్రామే కాలం చేసింది. టెలిగ్రాంల కాలంలో అమెరికాలో వైద్యమంటే సినిమా వాళ్లకూ, పెద్ద నాయకులకూ సంబంధించిన సంగతి. అక్కినేని 1974లో అక్కడే గుండె ఆపరేషన్ చేయించుకున్నారు. పదేళ్లకు, 1984లో, ముఖ్యమంత్రిగా ఉండగా ఎన్టీఆర్ కూడా అక్కడే బైపాస్ చేయించుకున్నారు. ఆయన లేనప్పుడు ఇక్కడ ఏం నడిచిందో తెనాలి పెద్దలకు ఇప్పటికీ కథలు కథలుగా గుర్తే. 1983లో వేమూరు నుంచి గెలిచిన నాదెండ్ల భాస్కరరావు 1984 ఆగస్టు 16న ముఖ్యమంత్రి పీఠం ఎక్కారు. నెల రోజులకే దిగారు. జబ్బు చేసి ఊళ్లో లేనివాడి వెనక ఏం జరగొచ్చో ఈ ప్రాంతానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

బీమా ఫారంలో దాచిన సంగతి

ఐరోపా షెంగెన్ దేశాలకు వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. కెనడాలో పిల్లల దగ్గరికి సూపర్ వీసా మీద వెళ్లే తల్లిదండ్రులకు కనీసం లక్ష కెనడా డాలర్ల బీమా ఉండాలి. బ్రిటన్‌లో ప్రమాద వార్డులో చూపించుకోవడం ఉచితమే గానీ, లోపల చేర్చుకుంటే విదేశీ సందర్శకుల దగ్గర మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది అమెరికా. వైద్యం ఖరీదు ఎక్కడా లేనంత ఉన్నదీ అక్కడే. ఆ అమెరికా మాత్రం సందర్శక వీసాకు బీమా అడగదు. అడగలేదు కదా అని కొందరు తీసుకోరు. ఇంకొందరు ఉన్నవాటిలో అతి చవకది తీసుకుంటారు.

ఆ చవక దాంట్లో మెలిక ఉంటుంది. ఐసీయూకి రోజుకు ఇంత, ఆపరేషన్‌కు ఇంత, స్కానింగుకు ఇంత అని ముందే గీత గీసే పాలసీలను ఫిక్స్‌డ్ బెనిఫిట్ అంటారు. బిల్లు ఆ గీతను ఎన్ని రెట్లు దాటినా మిగతాది మనమే కట్టుకోవాలి. కాంప్రహెన్సివ్ పాలసీ అయితే డిడక్టిబుల్ అనే మొదటి వాటా మనం కట్టాక, మిగతాదాంట్లో చాలా భాగం పాలసీ పరిమితి మేరకు కంపెనీ భరిస్తుంది. దాని ఖరీదు ఎక్కువే. అయినా డెబ్బై ఏళ్ల నాన్నకు ఆరు నెలలకు ఏది తీసుకోవాలని ఎవరైనా నన్నడిగితే, ఒక టిక్కెట్టు తగ్గించుకునైనా రెండోదే తీసుకోమంటాను. పిల్లలిద్దరూ వేర్వేరు ఊళ్లలో ఉంటే అన్ని ఊళ్లూ తిరక్కపోయినా పర్లేదు.

అసలు చిక్కు పాత జబ్బులతో. సందర్శకుల పాలసీలు దాదాపు అన్నీ పాత జబ్బుల మామూలు వైద్యానికి డబ్బివ్వవు. కొన్ని మాత్రం ‘‘పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే’’ ఇస్తామంటాయి. అక్కడా షరతులే. లక్షణం కనబడ్డాక 24 గంటల్లోపు వైద్యం తీసుకుని ఉండాలి. వయసు డెబ్బై దాటితే చాలా కంపెనీలు ఈ సౌకర్యాన్ని ఎత్తేస్తాయి, లేకపోతే పరిమితి బాగా కుదిస్తాయి. గుండెల్లో మంటను రెండు రోజులు మజ్జిగతో సరిపెట్టిన మనిషికి ఆ 24 గంటల షరతు ఏమవుతుందో వేరే చెప్పాలా?

‘‘రాయకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?’’ అనేది మన దగ్గర గట్టి నమ్మకం. మన దేశంలో అమ్మే ట్రావెల్ పాలసీల ఫారాల్లో పాత జబ్బుల గడి ఉంటుంది. అమెరికా కంపెనీల్లో చాలావరకు అమ్మేటప్పుడు ఏమీ అడగవు, క్లెయిము వచ్చాకే రికార్డులన్నీ అడుగుతాయి. ఎలాగూ ఎమర్జెన్సీలో డాక్టరు మొదటి ప్రశ్నే ‘‘ఇంతకుముందు ఏమైనా ఉందా’’ అని. ఆ భయంలో అమ్మ ఉన్నదంతా చెప్పేస్తుంది: ఇరవయ్యేళ్ల షుగరు, తెనాలిలో వేసిన స్టెంటు, మానేసిన రక్తం పలచబడే బిళ్ల. చెప్పడమే మంచిది, ప్రాణం నిలబడేది అందువల్లే. అదంతా కంప్యూటరులోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి బీమా కంపెనీకి చేరుతుంది. డాక్టరు దగ్గర నిజం, కంపెనీ దగ్గర అబద్ధం కలిసి నిలబడవు.

బిల్లు భయంతో ఆసుపత్రికే వెళ్లననేవాళ్లు ఇంకో రకం. ‘‘ఇండియా వెళ్లాక చూపించుకుంటాలేరా, ఇక్కడ లక్షలు అవుతాయి’’ అన్న మాట వినని ప్రవాసి కొడుకు ఉండడు. 1986లో వచ్చిన ఎంటాలా చట్టం ప్రకారం అమెరికాలో ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆసుపత్రులు, చేతిలో డబ్బుందా బీమా ఉందా అని చూడకుండా రోగిని పరీక్షించాలి, ప్రాణాపాయం ఉంటే నిలకడకు తేవాలి. బిల్లు తర్వాత వస్తుంది, పెద్దదే వస్తుంది. దానికీ దారులున్నాయి. ఏ సేవకు ఎంత వేశారో విడివిడిగా రాసిన బిల్లు అడగొచ్చు, తగ్గించమని మాట్లాడొచ్చు, వాయిదాలు పెట్టించుకోవచ్చు. అక్కడ లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సాయం విధానమంటూ ఒకటి రాతపూర్వకంగా పెట్టుకోవాలని చట్టం ఉంది, దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. మొదటి కాగితం చూసి పొలం బేరం పెట్టేవాళ్లను కాస్త ఆపండి.

కాళ్ల వాపు సంగతి కూడా చెప్పరు. నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణం చేస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. ఆరోగ్యవంతుల్లో అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేదే, భయపడి ప్రయాణాలు మానుకోనక్కర్లేదు. కానీ దిగిన వారంలో ఒక పిక్క వాచి నొప్పి పెడుతుంటే, కూర్చుని కూర్చుని పట్టేసిందిలే అని ఊరుకోకూడదు.

బిళ్లలు అయిపోయిన రోజులు

ఈ ఆదుర్దా ఒకేసారి ఊళ్లకు ఊళ్లను పట్టుకున్నది 2020లో. మార్చి 22 తర్వాత అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. నవంబరులో, డిసెంబరులో వెళ్లి మేలోగా వచ్చేయాల్సిన తల్లిదండ్రులు అక్కడే చిక్కుకుపోయారు. కరోనా భయం ఒకవైపు, లెక్కగా తెచ్చుకున్న బిళ్లలు తరిగిపోవడం ఇంకోవైపు. మన దగ్గర చీటీ లేకపోయినా మందుల షాపువాడు స్ట్రిప్పు చేతిలో పెడతాడు. అమెరికాలో అక్కడి డాక్టరు రాస్తేనే ఇస్తారు. పైగా మన బ్రాండు పేరు చెబితే ఎవరికీ తెలియదు. రెండు మూడు మందులు కలిపి మనకు ఒకే బిళ్లగా వచ్చేవి కొన్ని అక్కడ దొరకవు కూడా. మన డోలోలో ఉండే పారాసిటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. జ్వరం బిళ్లకే ఇంత గందరగోళమైతే గుండె మందుల సంగతి చెప్పేదేముంది.

మే 7న వందే భారత్ మిషన్ విమానాలు మొదలయ్యేదాకా, మొదలయ్యాక సీటు దొరికేదాకా, బాపట్లలో కొడుకు మందుల షాపు చీటీ ఫొటో తీసి పంపడం, న్యూజెర్సీలో ఎవరో గుంటూరు మెడికల్ కాలేజీ పాత విద్యార్థి ఆ మందు రసాయన పేరు చెప్పి దారి చూపడం మామూలైపోయింది. ఆ పని ముందే ఇక్కడ చేసుకోవచ్చు. జబ్బులు, ఆపరేషన్లు, పడని మందులు, వాడే మందుల రసాయన పేర్లు, మోతాదులతో డాక్టరు దగ్గర ఇంగ్లిషులో ఒక పేజీ రాయించుకుంటే చాలు. బిళ్లలు చేతి సంచిలో, కంపెనీ స్ట్రిప్పుల్లోనే ఉండాలి. గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లకు ఇంకో జాగ్రత్త: ట్రమడాల్, కోడీన్ లాంటివి ఉన్న నొప్పి, దగ్గు మందులను యూఏఈ గట్టిగా నియంత్రిస్తుంది.

ఫోను ఎవరు చేయాలి

ఆసుపత్రిలో చేర్చాక అక్కడి కొడుక్కి ఇద్దరు రోగులు. ఒకరు మంచం మీద, రెండోది మనందరి వాట్సాప్. పెద్దమ్మలు, బాబాయిలు, వియ్యంకులు, అపార్టుమెంటు గ్రూపు అందరూ విడివిడిగా ‘‘ఎలా ఉంది?’’ అని అడుగుతారు. అతను ఒక్కొక్కరికి ఒక్కో మోతాదులో నిజం చెబుతాడు. రాత్రికి ఆ మోతాదులన్నీ పోల్చి చూసుకుని ఇక్కడివాళ్లు కొత్త జబ్బులు కనిపెడతారు. ఆసుపత్రికే ఫోను చేద్దామని చూసే ధైర్యవంతులూ ఉన్నారు. 1996 నాటి హిపా చట్టం వల్ల రోగి ఒప్పుకోనిదే అక్కడి నర్సు మనకు వివరాలు చెప్పదు. మేనమామననీ, సొంత తమ్ముడిననీ చెప్పుకున్నా పని జరగదు.

దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: అక్కడ ఒకరు, ఇక్కడ ఒకరు. ఇక్కడి మనిషి గట్టి గుండెవాడై ఉండాలి, అన్నింటికంటే ముఖ్యంగా వంకరలు లేకుండా చెప్పేవాడై ఉండాలి. రోజుకు ఒకే వేళ ఫోను. వార్త లేకపోతే వార్త లేదని చెప్పడానికి ఫోను. మిగతా చుట్టాలందరూ ఇక్కడి మనిషినే అడగాలి. అలాగని ఇంట్లో భార్యకో భర్తకో చెప్పకుండా ఆ వార్త వీధిలోకి పోకూడదు. డాక్టరు మాటలు అర్థంకాక అమ్మ ‘‘ఎస్, ఎస్’’ అంటుంటే, దుబాసీని అడిగే హక్కు ఆమెకుంది. ప్రభుత్వ నిధులు తీసుకునే అమెరికా ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. కొడుకు చేసే అనువాదంలో అమ్మకు నచ్చనివి, నాన్న భయపడేవి ఎగిరిపోతుంటాయి కాబట్టి, ఫోనులో వినిపించే ఆ పరాయి తెలుగు గొంతే చాలాసార్లు మేలు.

వెళ్లి చూడాలనిపిస్తుంది. పాస్‌పోర్టు లేని తమ్ముడు తత్కాల్ కోసం విజయవాడకు పరుగెత్తుతాడు. వీసా వేరే ఘట్టం. మన రెండు రాష్ట్రాలూ, ఒడిశా 2008లో మొదలైన హైదరాబాద్ అమెరికా కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. ముందు ఫీజు కట్టి మామూలు అపాయింట్‌మెంటు తీసుకోవాలి. ఆ తర్వాతే, అక్కడి డాక్టరు ఉత్తరం జతచేసి అత్యవసర తేదీ కోరాలి. అడిగినవాళ్లందరికీ ఇవ్వరు. 2025 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో కారు గుద్ది కోమాలోకి వెళ్లిన మహారాష్ట్ర విద్యార్థిని తండ్రికి, ఆ వార్త దేశమంతా తెలిసి, విదేశాంగ శాఖ కల్పించుకున్నాకే వీసా అందింది. ప్రమాదం జరిగి అప్పటికి రెండు వారాలు.

యాత్రలకు వెళ్లినవాళ్లదీ ఇదే బెంగ. అక్కడ కనిపెట్టుకుని ఉండే కొడుకు కూడా ఉండడు. 2024 జూన్‌లో మక్కాలో ఎండ 51 డిగ్రీలు దాటిన హజ్‌లో 1,300 మందికి పైగా చనిపోయినట్టు సౌదీ ప్రకటించింది. మన దేశం నుంచి వెళ్లినవాళ్లు 98 మంది పోయారని విదేశాంగ శాఖ అప్పట్లో చెప్పింది. 2020 నుంచి ఆగి 2025లో మళ్లీ మొదలైన కైలాస యాత్రలో డోల్మా లా కనుమ 5,600 మీటర్ల ఎత్తు. సముద్రం పక్కన సూర్యలంక గాలి పీల్చిన ఊపిరితిత్తులకు అది చిన్న మాట కాదు. జెరూసలేం బస్సు ఎక్కే పెద్దవాళ్ల దగ్గరైనా, టూర్ నడిపేవాడి నంబరుతోపాటు ఆ దేశంలో మన రాయబార కార్యాలయం నంబరు కూడా ఉండాలి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మీద పనికి వెళ్లేవాళ్లకు 2003 నుంచి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. మామూలు సందర్శకులకు అది వర్తించదు.

అమెరికాలో సాయానికి తెలుగువాళ్లు కరువు కాదు. 1977లో మొదలైన తానాకు టీమ్ స్క్వేర్ అని ఆపద సమయాల బృందం ఉంది. నాట్స్‌కు హెల్ప్‌లైన్ ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఇరవైనాలుగు గంటలూ ఫోను ఎత్తుతుంది. దిక్కులేని పరిస్థితుల్లో ఆదుకునేందుకు రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి సంక్షేమ నిధి కూడా ఉంది. ఆసుపత్రి బిల్లులన్నీ అది కడుతుందని మాత్రం ఆశపడకూడదు.

ఇక తిరుగు ప్రయాణం. ఆసుపత్రి నుంచి పంపించేశారు కదా అని మర్నాడే విమానం ఎక్కించరు. ప్రయాణం చేయొచ్చని డాక్టరు కాగితం రాయాలి. అవసరమైతే విమాన సంస్థ వైద్య ఫారం నింపాలి. స్ట్రెచర్ మీద తేవాలంటే కొన్ని సీట్లు మడిచి చోటు చేస్తారు, ఆ సీట్లన్నిటికీ డబ్బు కట్టాలి. శంషాబాదులో దిగాక రేపల్లెకు ఇంకో ఆరేడు గంటల రోడ్డు ఉంటుంది కాబట్టి, ఆ రాత్రికి హైదరాబాదులో చుట్టాలింట్లో ఆగడమే నయం. బయల్దేరే హడావుడిలో మర్చిపోయేది ఒకటుంది. ఆసుపత్రి పోర్టల్ లాగిన్ కూతురి ఫోనులోనే ఉండిపోతుంది, యాంజియోగ్రాం సీడీ అడిగితేనే ఇస్తారు. డిశ్చార్జి రోజే కౌంటరు దగ్గర నిలబడి ఆ సీడీ, సమ్మరీ, స్టెంటు కార్డు తీసుకోవాలి. కూతురు స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపుతుంది గానీ, సీడీలో కదిలే బొమ్మ అందులో రాదు. మా అత్తయ్య తిరిగొచ్చి తెనాలిలో డాక్టరు ముందు కూర్చోగానే, ఎలా ఉన్నారని కూడా అడక్కముందే ఆయన చెయ్యి చాపింది ఆ సీడీ కోసమే.